చెక్క ఫ్లూట్ తయారీకి పనిముట్లు, యంత్రాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

వెదురు ఫ్లూట్‌కి బెజ్జం, అంటే ఊపిరి నడిచే లోపలి గొట్టం, మొక్కతోనే వస్తుంది. చెక్క ఫ్లూట్‌కి అది మనమే వేసుకోవాలి. సూటిగా ఉండాలి, నున్నగా ఉండాలి, ఒక చివర నుంచి ఇంకో చివరికి లెక్క ప్రకారం సన్నబడాలి. పనిముట్ల గురించి ఎవరు ఏ ప్రశ్న అడిగినా తిరిగి తిరిగి ఈ బెజ్జం దగ్గరికే వస్తుంది. అందుకే కింది జవాబుల్లో ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

ఇక్కడ చెబుతున్నది ఏ ఫ్లూట్ గురించి?

ఐర్లండ్ సంప్రదాయ సంగీతంలో వాయించే, ఆరు రంధ్రాల చెక్క ఫ్లూట్ గురించి. అడ్డంగా పట్టి ఊదేదే. రంధ్రాలన్నీ మూస్తే డి స్వరం పలుకుతుంది, మన లెక్కలో 2 శ్రుతి. దీని నమూనాలు 19వ శతాబ్దపు లండన్‌వి. 1821లో మొదలైన రుడాల్ అండ్ రోజ్ అనే తయారీ సంస్థ వాళ్ల ఫ్లూట్ల కొలతలు ఇప్పటికీ చాలామంది తయారీదారులకు ఆధారం. జర్మన్ ఫ్లూట్ తయారీదారు థియోబాల్డ్ బోహ్మ్ 1832లో ఒకటి, 1847లో ఇంకొకటి కొత్త పద్ధతి ఫ్లూట్లు తెచ్చాక ఆర్కెస్ట్రాల వాళ్లు మెల్లగా అటు మళ్లారు. వాళ్లు వదిలేసిన పాత చెక్క ఫ్లూట్లు ఐరిష్ వాయిద్యకారుల చేతికి చేరాయి. ఆ గొంతు వాళ్లకు నచ్చింది, అలా నిలిచిపోయింది.

తల భాగంలో బెజ్జం సుమారు 19 మి.మీ., అక్కడ సూటి గొట్టమే. ఒంటి భాగం మొదలైన దగ్గర నుంచి సన్నబడుతూ కొసకు వచ్చేసరికి 11, 12 మి.మీ. అవుతుంది. ఈ సన్నబాటు వల్ల రంధ్రాలు వేళ్లకు అందే దూరంలోకి వస్తాయి, పై స్థాయి స్వరాలు కిందివాటితో శ్రుతి కలుస్తాయి. సూటి గొట్టంతో చేసే చెక్క వేణువుకైనా సామాను దాదాపు ఇదే. దానికి రీమర్ (బెజ్జాన్ని కావాల్సిన ఆకారానికి తెచ్చే కోత కడ్డీ) పని మాత్రం చాలా తేలిక.

వెదురు పనికి వాడే సామాను సరిపోదా?

కాల్చిన చువ్వ, కత్తి, ఆకురాయి, శ్రుతి చూసే ఫోన్ యాప్. వెదురుకు ఇంతే చాలు. ఇందులో చెక్క పనికి పనికొచ్చేవి చివరి మూడూ. మీ చెవి, రంధ్రం ఎక్కడ ఎంత తీయాలో తెలిసిన అనుభవం మాత్రం పూర్తిగా అక్కరకొస్తాయి. వెదురు పని వచ్చినవాళ్లు చెక్క పనిలో త్వరగా కుదురుకుంటారు.

ముందు ఏ యంత్రం కొనాలి? చెక్క లేతా, మెటల్ లేతా?

లేత్ అంటే ముక్కను గుండ్రంగా తిప్పుతూ కోసే యంత్రం. ఒక్కటే కొనగలిగితే మెటల్ లేత్ కొనండి. ఈ పనిలో అలంకారం తక్కువ, కొలత ఎక్కువ. అతుకు దగ్గర సాకెట్ (ఒక ముక్క ఇంకో ముక్కలోకి దూరే గుంత) లోపలి వ్యాసం మి.మీ.లో పదో వంతు అటూ ఇటూ అయినా బిగువు మారిపోతుంది. క్యారేజ్ (లేత్ బెడ్ మీద జరిగే బండి) మీద టూల్ బిగించి డయల్ తిప్పుకుంటూ తీసే కోతకు, చేత్తో ఉలి పట్టి తీసే కోతకు అక్కడే తేడా. పైగా రీమర్లూ రింగులూ అదే లేత్ మీద చేసుకోవచ్చు. చెక్క లేత్ వేగం బాగుంటుంది, బయటి ఒంపులు అందంగా వస్తాయి. రెండోదిగా తీసుకోండి.

ఏటికొప్పాక లక్కబొమ్మల కళాకారులు తరిమెన మీద చేసే పని చూసినవాళ్లకు చేతి ఉలితో ఎంత సున్నితమైన పని వస్తుందో తెలుసు. అంత చేయి తిరిగినవాళ్లకు బయటి ఆకారం సమస్యే కాదు. అయినా పొడవాటి లోపలి బెజ్జానికి వాళ్లకు కూడా చెక్క రెండో కొసనో డ్రిల్లునో పట్టే టెయిల్‌స్టాక్ ఉన్న లేత్ కావాలి.

లేత్ పొడవు ఎంత ఉండాలి?

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఫ్లూట్ మూడు నాలుగు ముక్కలుగా ఉంటుంది, అన్నిటికన్నా పొడవైన ముక్క 30 సెం.మీ.కి కాస్త అటూ ఇటూ. కాబట్టి 35 సెం.మీ. మినీ లేత్ చాలనిపిస్తుంది. కానీ బెజ్జం వేసేటప్పుడు చెక్క ముక్క 30 సెం.మీ., దాని ముందు డ్రిల్లు ఇంకో 30 సెం.మీ., ఆ వెనక చక్ (బిగించి పట్టే దవడలు), టెయిల్‌స్టాక్. అన్నీ ఒకే వరసలో పట్టాలి. రెండు సెంటర్ల (ముక్కను రెండు కొసలా పట్టే మొనలు) మధ్య కనీసం 75 సెం.మీ. ఉంటేనే పని సాగుతుంది. మన దగ్గర లేత్‌లను బెడ్ పొడవు అడుగుల్లో చెప్పి అమ్ముతారు. నాలుగున్నర అడుగులది ఇరుకు, ఆరడుగులది హాయి. స్పిండిల్ (చక్‌ను తిప్పే ఇరుసు) లోపలి బెజ్జం 40 మి.మీ. దాటి ఉంటే చెక్కను అందులోకి దూర్చి కొంత చోటు కలిసొస్తుంది. మినీ లేత్‌లలో ఆ బెజ్జం సాధారణంగా 20 మి.మీ.కి మించదు.

సెకండ్ హ్యాండ్ లేత్ చూడటానికి వెళ్తే ఏం గమనించాలి?

రంగు చూడొద్దు. రెండు సెంటర్లు బిగించి, టెయిల్‌స్టాక్‌ను ముందుకు తెచ్చి, రెండు మొనల మధ్య ఒక సన్నటి స్టీల్ స్కేల్ నిలబెట్టండి. మొనలు ఎదురెదురుగా ఉంటే స్కేల్ నిటారుగా నిలుస్తుంది. ఎత్తులో తేడా ఉంటే కిందికో మీదికో ఒరుగుతుంది, పక్కకు తేడా ఉంటే అటో ఇటో తిరుగుతుంది. పక్క తేడా సర్దుకోవచ్చు. ఎత్తు తేడా అంటే టెయిల్‌స్టాక్ అడుగు అరిగిపోయిందని అర్థం, ధర బాగా తగ్గిస్తే తప్ప వదిలేయండి. తర్వాత చక్‌లో ఒక కడ్డీ బిగించి చేత్తో పైకి కిందికి ఊపి స్పిండిల్‌లో ఆట ఉందేమో చూడండి. క్యారేజ్‌ను చక్ దగ్గరి నుంచి చివరిదాకా నడపండి. మధ్యలో వదులుగా, చివర్లో బిగుతుగా ఉంటే బెడ్ అరిగింది.

బటాలా, రాజ్‌కోట్ తయారీ లేత్‌లు పాతవి కూడా బాగానే దొరుకుతాయి. హైదరాబాద్ బాలానగర్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో ఏదో ఒక షెడ్డులో అమ్మకానికి ఉంటూనే ఉంటాయి. తెలిసిన టర్నర్ (లేత్ పనివాడు) ఒకరిని వెంట తీసుకెళ్లండి.

ఇంట్లో సింగిల్ ఫేజ్ కరెంటే ఉంది. పరవాలేదా?

ఒక హెచ్‌పీ మోటార్ చాలు. త్రీ ఫేజ్ మోటార్ ఉన్న లేత్ దొరికితే సింగిల్ ఫేజ్ నుంచి నడిపే వీఎఫ్‌డీ డ్రైవ్ పెట్టించండి. వేగం నాబ్ తిప్పి మార్చుకోవచ్చు. బయట నున్నగా తీసేటప్పుడు 1500 ఆర్‌పీఎం, రీమర్ వేసేటప్పుడు 100 ఆర్‌పీఎం కావాలంటే ఇంతకన్నా సుఖమైన దారి లేదు.

ముందు బయట గుండ్రంగా తీయాలా, ముందు లోపల బెజ్జం వేయాలా?

ముందు బెజ్జం. ఎంత నమ్మకమైన డ్రిల్లయినా 30 సెం.మీ. లోతులో ఒక మి.మీ. పక్కకు పోవడం మామూలే. బయట ముందే పూర్తి చేసి ఉంటే ఒక గోడ పలుచన, ఇంకో గోడ మందం అయిపోతుంది. బెజ్జం ముందే ఉంటే దానిలో మాండ్రెల్ (బెజ్జంలో బిగువుగా పట్టే కడ్డీ) దూర్చి, ఆ మాండ్రెల్‌ను సెంటర్ల మధ్య పట్టి బయటి భాగం తీస్తాం. అప్పుడు లోపల ఎటు పోయినా బయట దాన్నే అనుసరిస్తుంది. అందుకే చెక్కను మొదట 36, 38 మి.మీ. మందంగానే ఉంచుకుంటాం.

అంత పొడవైన బెజ్జం సూటిగా ఎలా వేస్తారు?

మూడు దారులున్నాయి.

మామూలు ట్విస్ట్ డ్రిల్లుకు పొడవాటి కడ్డీ వెల్డింగ్ చేసి వాడేది మొదటిది. చవక. కానీ చెక్క పోగు ఎటుంటే అటు లాగేస్తుంది. చిన్న ముక్కలకు తప్ప వద్దు.

రెండోది డీ బిట్. గుండ్రటి సిల్వర్ స్టీల్ (టూల్ స్టీల్‌లో ఒక రకం, ఇందులో వెండి ఉండదు) కడ్డీని కొస దగ్గర సగానికి కోసి, మొన సానపట్టి మనమే చేసుకుంటాం. దాని అరగుండ్రం వీపు బెజ్జం గోడకు ఆనుకుని నడుస్తుంది కాబట్టి దారి తప్పడం తక్కువ. షరతు ఒక్కటే: మొదటి రెండు మూడు సెం.మీ. లోపలి వైపు కోసే బోరింగ్ బార్‌తో సరిగ్గా అదే వ్యాసానికి, నడిమికి తీసి ఉండాలి. డీ బిట్‌కు దారి చూపేది ఆ మొదటి బెజ్జమే. ప్రతి 5, 10 మి.మీ.కి బయటికి లాగి పొట్టు దులపాలి. ఓపిక పని.

మూడోది గన్ డ్రిల్. తుపాకీ గొట్టాల కోసం పుట్టిన పనిముట్టు. ఒకే కోత అంచు, పక్కన వి ఆకారపు గాడి, కడ్డీ లోపల సన్నటి సొరంగం. లోహంలో ఆ సొరంగం గుండా నూనె పంపుతారు, చెక్కలో కంప్రెసర్ గాలి పంపుతాం. గాలి పొట్టును గాడి వెంట బయటికి తోసేస్తుంది. మధ్యలో ఆపి దులపాల్సిన పని లేదు, బెజ్జం గోడ అద్దంలా వస్తుంది. నెలకు నాలుగైదు ఫ్లూట్లు చేసే ఆలోచన ఉంటే పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. చిన్న కంప్రెసర్ ట్యాంకు మధ్యలోనే ఖాళీ అయిపోతుంది, అది చూసుకోండి.

ఏ డ్రిల్లయినా తిరగాల్సింది చెక్క. డ్రిల్లు కదలకుండా ముందుకు వెళ్లాలి. అలా చేస్తే తప్పుదారి బాగా తగ్గుతుంది. చెక్క రెండో కొసను, తిరిగే ముక్క ఊగకుండా చుట్టూ పట్టే స్టెడీ రెస్ట్‌లో పట్టాలి. స్టెడీ రెస్ట్ ఇత్తడి వేళ్లు నేరుగా చెక్కకు రాసుకుంటే చెక్క మాడుతుంది. బేరింగ్ చక్రాలున్న స్టెడీ తీసుకోండి.

రీమర్ అంటే ఏమిటి? ఎక్కడ కొనాలి?

డ్రిల్లు వేసిన సూటి బెజ్జాన్ని సన్నబడే బెజ్జంగా మార్చే పొడవాటి కోత కడ్డీ. ఫ్లూట్ లోపల ఏ ఆకారం కావాలో ఆ ఆకారం రీమర్ ఒంటి మీద ఉంటుంది. మార్కెట్లో దొరికే టేపర్ రీమర్లు యంత్రాల పనికి చేసినవి, వాటి వాలు మనకు సరిపోదు. కాబట్టి చేసుకోవాలి, లేదా చేయించుకోవాలి. ఈ వర్క్‌షాప్‌లో అసలు ఆస్తి ఇదే. లేత్ ఎవరి దగ్గరైనా ఉంటుంది, రీమర్ మాత్రం మీ ఫ్లూట్‌కి మాత్రమే చెందింది.

చేసే పద్ధతి ఇది. 19 మి.మీ. నుంచి 12 మి.మీ.కి 360 మి.మీ. పొడవులో సన్నబడాలనుకోండి. అంటే ప్రతి 5 మి.మీ. పొడవుకు వ్యాసం దాదాపు 0.1 మి.మీ. తగ్గాలి. కాంపౌండ్ స్లైడ్ (ఏటవాలుగా కోయడానికి తిప్పుకునే చిన్న స్లైడ్) అంత దూరం నడవదు. అందుకని కడ్డీని సెంటర్ల మధ్య పట్టి, 5 మి.మీ.కి ఒకటి చొప్పున మెట్లు మెట్లుగా తీస్తాం, ఒక్కో మెట్టు దగ్గర డయల్ 0.1 మార్చుకుంటూ. అయ్యాక కడ్డీ మొత్తం మార్కర్ పెన్నుతో నీలం పూస్తాం. లేత్ మెల్లగా తిరుగుతుండగా పొడవాటి ఆకురాయితో మెట్ల అంచులు అరగదీస్తాం. ప్రతి మెట్టు లోపలి మూలలో నీలం గీత ఒక్కటి సన్నగా మిగిలే దగ్గర ఆగాలి. గీత పూర్తిగా పోయిందంటే అక్కడ కొలత తగ్గిపోయినట్టే. ఈ పద్ధతిలో ఒక మేలుంది. పాత లండన్ ఫ్లూట్ల బెజ్జం కచ్చితంగా ఒకే వాలులో ఉండదు, అక్కడక్కడ వాలు మారుతుంది. మెట్ల పద్ధతిలో ఆ మార్పులన్నీ యథాతథంగా తేవచ్చు. టెయిల్‌స్టాక్ పక్కకు జరిపి తీస్తే ఒకే వాలు వస్తుంది.

ఆ తర్వాత కడ్డీని పొడవునా మిల్లింగ్ మిషన్ మీద సగానికి తీయించాలి. సరిగ్గా సగం, లేదా సగానికి వెంట్రుకవాసి ఎక్కువ మిగలాలి. ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది: కోల్డ్ డ్రాన్ (వేడి చేయకుండా లాగి చేసిన) కడ్డీలో ఒక పక్క లోహం తీసేయగానే లోపలి ఒత్తిడి వల్ల అది విల్లులా వంగుతుంది. ముందే స్ట్రెస్ రిలీవ్ (వేడి చేసి ఆ ఒత్తిడి తీసేయడం) చేయించిన కడ్డీ వాడితే ఈ బాధ తక్కువ. ఒంటికి ఒకే రీమర్ కన్నా ముక్కకు ఒకటి చొప్పున రెండు మూడు పొట్టి రీమర్లు చేసుకోవడం మేలు. చేయడం సులువు, వంగడమూ తక్కువే.

రీమర్‌కు హార్డెనింగ్ తప్పనిసరా?

హార్డెనింగ్ అంటే కాల్చి చల్లార్చి గట్టిపరచడం. చెక్కకు తప్పనిసరి కాదు. సిల్వర్ స్టీల్ రీమర్ హార్డెనింగ్ లేకుండానే చాలా ఫ్లూట్లకు పనిచేస్తుంది, మధ్య మధ్య పదును పెట్టుకుంటే చాలు. హార్డెనింగ్ చేస్తే పొడవాటి సన్నటి కడ్డీ వంకర పోయే ప్రమాదం పెద్దది. ఎక్కువ ఫ్లూట్లు చేసేవాళ్లు ఓహెచ్‌ఎన్‌ఎస్ స్టీల్‌తో (నూనెలో చల్లార్చి గట్టిపరిచే రకం) చేయించి, హీట్ ట్రీట్‌మెంట్ చేసే చోట నిలువుగా వేలాడదీసి చేయమని చెప్పండి.

రీమర్ వేసేటప్పుడు ఏం జాగ్రత్త?

ముందు మెట్ల డ్రిల్లింగ్ చేయండి: 12, 13, 14 మి.మీ. డ్రిల్లులు ఒక్కోటి ఒక్కో లోతుకు. రీమర్ తీయాల్సిన చెక్క తగ్గుతుంది. తర్వాత నిదానంగా తోస్తూ, కాసేపటికోసారి బయటికి తీసి పొట్టు తుడవాలి. గాడి నిండిందంటే వేడి పుడుతుంది. వేడికి చెక్క లోపల సన్నగా పగులుతుంది, ఆ పగులు నెలల తర్వాత బయటపడుతుంది. రీమర్ పిడి దగ్గర లోతు గుర్తు పెట్టుకోండి. పైన చెప్పిన వాలుకు రీమర్ 1 మి.మీ. లోతుకు దిగితే బెజ్జం 0.02 మి.మీ. పెరుగుతుంది, అంత నిక్కచ్చిగా సర్దుకోవచ్చు.

ఏ కర్ర వాడాలి?

లండన్ వాళ్లు కరీబియన్ దీవుల కోకస్ కర్ర వాడారు. ఇప్పుడు ఎక్కువగా వాడేది ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్. మన దగ్గర దొరికేవాటిలో బాగా ఎండిన జిట్రేగి చేవ నా మొదటి ఎంపిక. తునికి చెట్టు నల్ల చేవ కూడా మంచిదే, కానీ ఫ్లూట్‌కి సరిపడా పొడవు, పగులు లేని ముక్క దొరకడం కష్టం. టేకులో ఇసుకలాంటి సిలికా ఉంటుంది, పదును త్వరగా పోతుంది, పోగు గరుకు. బొబ్బిలి వీణకు అంత అందంగా అమరే పనస ఈ పనికి మెత్తన. ఏటికొప్పాక అంకుడు కర్ర చేయి అలవాటు కావడానికి బాగుంటుంది.

ఎర్రచందనం గురించి తరచూ అడుగుతారు. అటవీ శాఖ వేలంలో కొన్న కాగితాలు లేకుండా దాని జోలికి వెళ్లొద్దు. జిట్రేగి జాతి మొత్తం 2017 జనవరి నుంచి అంతర్జాతీయ సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) జాబితాలో ఉంది. 2019 నవంబర్ నుంచి పూర్తయిన సంగీత వాయిద్యాలకు సడలింపు ఇచ్చారు. కర్రను కర్రగా విదేశాలకు పంపాలంటే మాత్రం అనుమతి కావాలి. వాయిద్యం పంపేటప్పుడు కూడా మన దేశపు తాజా ఎగుమతి నిబంధన చూసుకోండి.

ఇంకో మాట. మొదటి రెండు మూడు ఫ్లూట్లు డెల్రిన్ ప్లాస్టిక్ కడ్డీతో చేయండి. పగలదు, ఎండబెట్టే పని లేదు, లేత్ మీద వెన్నలా తెగుతుంది, నాదం కూడా బాగుంటుంది.

ఎండిన కర్రే కదా, వెంటనే పూర్తి చేయకూడదా?

కూడదు. బెజ్జం వేయగానే చెక్కలో బిగువు సడలి అది మళ్లీ కదులుతుంది. 10 మి.మీ. బెజ్జం వేసి, కొసలకు మైనం పూసి, నీడలో కొన్ని నెలలు వదిలేయండి. తర్వాత రీమర్ సగం వేసి మళ్లీ వదిలేయండి. చివరి కోత ఆ తర్వాత. కోస్తాలో వానాకాలం చేసిన ముక్క తెలంగాణ ఎండకు వెళ్తే ఎంత ముడుచుకుంటుందో తలుపులు చూస్తేనే తెలుస్తుంది. ఈ విరామాల్లో వేరే ముక్కల పని పెట్టుకోండి, ఒకేసారి పది ముక్కలు మొదలుపెట్టడం అందుకే.

స్వర రంధ్రాలకు ఏం కావాలి?

బెంచ్ డ్రిల్, వి బ్లాక్ (గుండ్రటి ముక్కను కదలకుండా పట్టే వి గాడి దిమ్మ), బ్రాడ్ పాయింట్ బిట్లు. నడిమి మొన ఉన్న బిట్టు గుండ్రటి ఒంటి మీద జారదు. అనుకున్న కొలత కన్నా ఒక మి.మీ. చిన్నగా వేసి, శ్రుతి చూసుకుంటూ పెంచండి. రంధ్రం పెంచితే స్వరం పైకి వెళ్తుంది. తిరిగి తగ్గించే దారి కష్టం.

రంధ్రం లోపలి అంచును గంటలా వెడల్పు చేసే అండర్‌కటింగ్‌కు చిన్న శంఖాకారపు కోత ముక్క కావాలి. దాన్ని బెజ్జం లోపలి నుంచి తెచ్చి, పైనుంచి దూర్చిన సన్నటి కడ్డీకి బిగించి, చేత్తో తిప్పుతూ పైకి లాగాలి. రెండు స్థాయిల మధ్య శ్రుతి తేడా సర్దేది, స్వరం తేలిగ్గా పలికించేది ఈ చిన్న పనే. కొనడానికి దొరకదు, టర్నర్ చేత చేయించండి.

ఊదే రంధ్రానికి యంత్రం ఉందా?

సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే యంత్రం) మీద తీసేవాళ్లున్నారు. నేను చేతి పనినే నమ్ముతాను. 9 మి.మీ. డ్రిల్లు వేసి, సన్నటి రౌండ్ ఆకురాయి, పదునైన చిన్న కత్తితో సుమారు 10, 12 మి.మీ.ల కోడిగుడ్డు ఆకారానికి తెస్తాం. గోడలు లోపలికి కొన్ని డిగ్రీలు వెడల్పవుతూ వెళ్లాలి. గాలి తగిలే ఎదురంచు పదునుగా, గీతలు లేకుండా ఉండాలి. రెండు మూడు రాపిళ్లకొకసారి ఊది చూడండి. తల కొసను మూసే బిరడా స్థానం ఊదే రంధ్రం మధ్య నుంచి 19 మి.మీ. దగ్గర మొదలుపెట్టి సర్దుకోవచ్చు.

కొలత పరికరాలు?

డిజిటల్ వెర్నియర్, టెలిస్కోపిక్ గేజ్ (బెజ్జం లోపల తెరుచుకుని వ్యాసం పట్టే కొలత కడ్డీ). లోతైన బెజ్జానికి మాత్రం వేరే ఉపాయం కావాలి: 12.0, 12.2, 12.4 ఇలా వరసగా ఇత్తడి బిళ్లలు తీయించి, గుర్తులున్న కడ్డీ చివర బిగించి లోపలికి వదలండి. ఏ బిళ్ల ఎక్కడ ఆగిందో రాసుకుంటే బెజ్జం పటం కాగితం మీదికి వచ్చేస్తుంది. పాత ఫ్లూట్ కొలిచేటప్పుడు బిళ్లను తోయకండి, గీతలు పడతాయి.

శ్రుతి యాప్ ఏదైనా ఒకటే. గది ఉష్ణోగ్రత రాసుకోవడం మరవకండి. గాలి ఒక్కో డిగ్రీ వేడెక్కితే శ్రుతి దాదాపు 3 సెంట్లు (సెంటు అంటే ఒక స్వరస్థానంలో వందో వంతు) పెరుగుతుంది. ఊపిరి వేడి వల్ల ఫ్లూట్‌లో తేడా ఇంతకన్నా కాస్త తక్కువ. మే నెల మధ్యాహ్నం షెడ్డులో శ్రుతి చేసిన ఫ్లూట్ ఏసీ హాల్లో దిగిపోతుంది.

తలకు లోహపు గొట్టం వేయాలా?

శ్రుతి సర్దే లోహపు గొట్టం పాత లండన్ ఫ్లూట్లలో ఉంది, వాటి తలలు ఎక్కువగా పగిలిందీ అందుకే. చెక్క ముడుచుకుంటుంది, లోహం ముడుచుకోదు. మన వాతావరణంలో మామూలు అతుకు, దానికి కార్క్ లేదా మైనం పట్టించిన దారం చాలు. సాకెట్ బయట ఇత్తడి రింగు మాత్రం తప్పకుండా వేయండి.

ఫినిషింగ్?

లేత్ మీదే శాండ్ పేపర్ 240 నుంచి 600 దాకా, ఆపైన కాచిన అవిసె నూనె. బెజ్జం లోపల కూడా నూనె పలచగా పట్టించాలి. లక్క బయటికి బాగుంటుంది, లోపల వద్దు.

ప్రమాదాలు?

చెక్క దుమ్మును ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో పెట్టింది. జిట్రేగి జాతి కర్రల దుమ్ము చర్మానికి, ఊపిరితిత్తులకు అలర్జీ తెస్తుంది, అదీ కొన్నేళ్లు పనిచేశాక హఠాత్తుగా. ఎన్95 మాస్క్, టూల్ పక్కనే దుమ్ము లాగే గొట్టం రెండూ ఉండాలి. లేత్ దగ్గర గ్లవ్స్, వదులు చేతుల చొక్కా, లుంగీ, వేలాడే చున్నీ, విప్పిన జుట్టు ఏవీ వద్దు. శాండ్ పేపర్‌ను వేలికి చుట్టి పట్టుకోవద్దు, రెండు వేళ్ల మధ్య పట్టుకోండి. లాగితే జారిపోవాలి.

చేతిలో డబ్బు తక్కువ. ఎలా మొదలుపెట్టాలి?

లేత్ కొనకుండా మొదలుపెట్టవచ్చు. గీసిన డ్రాయింగ్ పట్టుకుని బాలానగర్ లాంటి చోట జాబ్ వర్క్ చేసే షెడ్డుకు వెళ్లి రీమర్లు, డీ బిట్టు, మాండ్రెల్ చేయించండి. 1968లో మొదలైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉన్నది కూడా బాలానగర్‌లోనే, చుట్టుపక్కల టూల్ రూమ్ పని తెలిసిన చేతులు చాలా ఉన్నాయి. డ్రాయింగ్‌లో ప్రతి 5 మి.మీ.కి వ్యాసం పట్టిక రూపంలో రాయండి. "కొంచెం టేపర్" అని నోటితో చెబితే వాళ్లకు తోచిన టేపర్ వస్తుంది. చిన్న సామాను సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతుంది. డ్రిల్లింగ్, బయటి టర్నింగ్ గంట లెక్కన అద్దెకు ఇచ్చే లేత్ మీద చేయించుకోండి, పక్కనే నిలబడి. ముందే చెప్పండి, చాలామంది టర్నర్లు చెక్క పొట్టు లేత్ బెడ్ నూనెలో కలిసి జిగురవుతుందని ఒప్పుకోరు. బెడ్ మీద పాత గుడ్డ పరుస్తానని, పని అయ్యాక తుడిచి మళ్లీ నూనె వేసి వెళ్తానని మాటిస్తే ఒప్పుకుంటారు. రీమర్ వేయడం, రంధ్రాలు, ఊదే రంధ్రం, శ్రుతి మాత్రం ఇంట్లో బల్ల మీద వైస్ బిగించుకుని మీ చేత్తోనే చేయండి.